ఫ్లూకీ పేగుల్లోని బ్యాక్టీరియాకీ సంబంధం ఏమిటి? పరకాల తమ్ముడి ప్రశ్నకు జవాబు

తమ్ముడూ, మీరు రాసింది పెద్దగా ఉంది కాబట్టి నాకు అర్థమైనది ముందు క్లుప్తంగా చెప్తాను. మీ బాపుకు అరవై దాటాయి, షుగర్, బీపీ ఉన్నాయి, మిర్చి వేస్తారు. ఏటా చలికాలంలో జలుబు, జ్వరం, ఆ తర్వాత వారాల తరబడి పొడి దగ్గు. ఊళ్ళో ఆర్‌ఎంపీ ప్రతిసారీ ఒక ఇంజెక్షన్ చేసి అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ గోలీలు ఇస్తున్నారు. ఈసారి ఆ గోలీలు వేసుకున్నాక మోషన్స్ పట్టుకున్నాయి. మెడికల్ షాపులో ‘మంచి బ్యాక్టీరియా’ క్యాప్సూల్స్ ఇచ్చి, ఇమ్యూనిటీ కోసం మూడు నెలలు వాడమన్నారు. ‘ఇమ్యూనిటీ ఎనభై శాతం కడుపులోనే ఉంటుంది’ అని వాట్సాప్‌లో కూడా చూశారు. ఇందులో నిజమెంత, యాంటీబయాటిక్ వల్ల వచ్చేసారి జబ్బు ముదురుతుందా, క్యాప్సూల్స్ కొనాలా, ఏం తినిపించాలి అని అడిగారు.

నేను మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పి రిటైరయ్యాను, హన్మకొండలో ఉంటాను. మీ బాపును చూడలేదు కాబట్టి ఏ మందు ఎంత వేసుకోవాలో చెప్పను. మిగతావి చెప్పగలను. పేగుల్లోని బ్యాక్టీరియాకీ ఊపిరితిత్తుల్లో వైరస్‌తో జరిగే పోరుకీ సంబంధం నిజంగానే ఉంది. కానీ దాన్నిబట్టి మీ ఇంట్లో మారాల్సింది ఆ అజిత్రో అలవాటే. కొత్తగా ఒక క్యాప్సూల్ మొదలుపెట్టాల్సిన పనేమీ లేదు.

ముందు ఆ ఎనభై శాతం సంగతి. అది కొన్నిచోట్ల డెబ్బై, కొన్నిచోట్ల ఎనభై అని తిరుగుతుంటుంది. 2023లో కొందరు శాస్త్రవేత్తలు మనిషి ఒంట్లోని రోగనిరోధక కణాలను అవయవాలవారీగా లెక్కగట్టారు. మొత్తం సుమారు 1.8 లక్షల కోట్ల కణాలు, బరువు 1.2 కిలోలు. వీటిలో లింఫోసైట్లు అనే రకం ఎక్కువగా లింఫ్ గ్రంథుల్లో, ప్లీహంలో ఉంటాయి. న్యూట్రోఫిల్స్ అనే ఇంకో రకం ఎక్కువగా ఎముక మజ్జలో ఉంటాయి. కాబట్టి ఎనభై శాతం కడుపులోనే అన్నమాట నిలబడదు. అయితే యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాల్లో ఎక్కువ భాగం మాత్రం పేగు గోడల్లోనే ఉంటాయి. బహుశా ఆ లెక్క అటూ ఇటూ తిరిగి ఇలా మారిపోయింది. శాతాలు అలా ఉంచండి. రోగనిరోధక వ్యవస్థకు పుట్టినప్పటి నుంచి ఎక్కువగా ఎదురయ్యేది పేగుల్లోని బ్యాక్టీరియాయే. పెద్దమనిషిలో ఇవి దాదాపు 38 లక్షల కోట్లు ఉంటాయని అంచనా. అన్నీ కలిపి తూచినా 200 గ్రాములే.

ఇప్పుడు అసలు విషయం. ఫ్లూ వైరస్ గొంతులోనో ఊపిరితిత్తిలోనో ఒక కణంలోకి దూరగానే ఆ కణం ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థం విడుదల చేసి చుట్టుపక్కల కణాలను హెచ్చరిస్తుంది. 1957లో దీన్ని కనిపెట్టింది కూడా ఫ్లూ వైరస్ మీద పనిచేస్తూనే. యాంటీబాడీలు తయారవడానికి రోజులు పడుతుంది. అప్పటిదాకా వైరస్‌ను ఆపేది ఈ మొదటి హెచ్చరికే. అది కొన్ని గంటలు ఆలస్యమైతే వైరస్ అనేక రెట్లు పెరిగిపోతుంది.

ఈ హెచ్చరిక ఎంత త్వరగా మోగుతుందన్నది కొంతవరకు పేగుల్లోని బ్యాక్టీరియా మీద ఆధారపడుతుంది. అక్కడి నుంచి నిత్యం చిన్న చిన్న సంకేతాలు అందుతూ ఉంటే ఊపిరితిత్తి గోడలోని కణాలు తక్కువ స్థాయిలో ఇంటర్‌ఫెరాన్ పనిని నడుపుతూ సిద్ధంగా ఉంటాయి. మీ మిర్చి కళ్లం కాడ రాత్రి కాపలా ఉండే మనిషి అప్పుడప్పుడు ఎవరో పలకరిస్తుంటే మెలకువగా ఉంటాడు, ఎవరూ పలకరించకపోతే కునుకు తీస్తాడు. అలాంటిదే ఇదీ. బ్యాక్టీరియా పేగుల్లోంచి లేచి ఊపిరితిత్తుల్లోకి పోవు, పోకూడదు కూడా. అవి తయారుచేసే చిన్న రసాయనాలు రక్తంలో కలిసి కాలేయం దాటి ఎముక మజ్జ దాకా, ఊపిరితిత్తుల దాకా వెళ్తాయి.

దీనికి ఆధారాలు ఎక్కువగా ఎలుకల నుంచే వచ్చాయి. 2011లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో అకికో ఇవసాకి బృందం ఎలుకలకు కొన్ని వారాలు నీళ్ళలో యాంటీబయాటిక్స్ కలిపి పట్టి, ఆ తర్వాత ఫ్లూ వైరస్ ఎక్కించింది. వాటిలో యాంటీబాడీలు తగ్గాయి, టి కణాలు అనే రోగనిరోధక కణాల స్పందన తగ్గింది, ఊపిరితిత్తుల్లో వైరస్ ఎక్కువగా ఉంది. 2019లో లండన్‌లోని ఫ్రాన్సిస్ క్రిక్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ ప్రయోగం ఇంకా స్పష్టంగా ఉంది. మామూలు ఎలుకల్లో ఫ్లూ సోకాక సుమారు 80 శాతం బతికాయి. ముందుగా యాంటీబయాటిక్ తాగినవాటిలో మూడోవంతే బతికాయి. రెండో రోజుకే వాటి ఊపిరితిత్తుల్లో వైరస్ ఐదు రెట్లు ఎక్కువగా ఉంది. వేరే ఎలుకల మలంలోని బ్యాక్టీరియాను వాటికి మళ్ళీ ఎక్కిస్తే రక్షణ తిరిగొచ్చింది. ఇందులో నన్ను ఆకట్టుకున్నది ఆ రెండో రోజు లెక్క. ఫ్లూ వైరస్‌కు ప్రత్యేకంగా తయారయ్యే టి కణాలు, యాంటీబాడీలు అంత తొందరగా రంగంలోకి దిగవు. అంటే తేడా మొదటి హెచ్చరికలోనే వచ్చిందన్నమాట.

ఆ సంకేతాలు ఏమిటన్నదానికి కూడా కొన్ని జవాబులు దొరికాయి. 2017లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళు పేగుల్లోని ఒక క్లోస్ట్రిడియం జాతి బ్యాక్టీరియా డెసామినోటైరోసిన్ అనే పదార్థం తయారుచేస్తుందని, అది ఎలుకలను ఫ్లూ నుంచి కాపాడుతుందని చూపించారు. ఆ బ్యాక్టీరియా దాన్ని చేసేది ఫ్లేవనాయిడ్ల నుంచి. ఫ్లేవనాయిడ్లు ఉల్లిగడ్డలో, ఆకుకూరల్లో, పండ్లలో, చాయ్‌లో ఉంటాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా చదవండి. ఇంటర్‌ఫెరాన్ ముందుగా ఉంటేనే మేలు. జబ్బు ముదిరాక ఆలస్యంగా ఎగసిపడితే ఊపిరితిత్తికే నష్టం. అందుకే ‘ఇమ్యూనిటీ పెంచుతాం’ అన్న మాట వింటే నాకు చిరాకు. పెంచడం అన్నిసార్లూ మంచిది కాదు. ఫ్లూలోనూ కోవిడ్‌లోనూ చనిపోయినవారిలో చాలామందిని చివరికి దెబ్బతీసింది రోగనిరోధక కణాలు అదుపు తప్పి ఎగబడడం వల్ల వచ్చే వాపే.

ఆ వాపును అదుపులో ఉంచడంలోనూ బ్యాక్టీరియాకు పాత్ర ఉంది. మనం అరిగించుకోలేని పీచును పెద్దపేగులో బ్యాక్టీరియా పులియబెట్టి అసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలు తయారుచేస్తాయి. 2018లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఎలుకల మేతలో ఇన్యులిన్ అనే పీచు భారీగా కలిపి చూశారు. వాటికి ఫ్లూ సోకితే ఊపిరితిత్తుల్లోకి న్యూట్రోఫిల్స్ ఎగబడడం తగ్గింది, వైరస్ సోకిన కణాలను చంపే టి కణాలు మాత్రం బలపడ్డాయి. నష్టం చేసేది తగ్గి, పనిచేసేది పెరిగిందన్నమాట. అయితే ఆ మోతాదులో పీచు మనిషి తింటే కడుపుబ్బరంతో పడుకోవలసిందే. ఎలుక ఫలితాన్ని నేరుగా మన పళ్ళెంలోకి తెచ్చుకోలేం.

మరి మనుషుల్లో? ఇక్కడ ఆధారాలు పలచబడతాయి, కానీ ఉన్నాయి. నాకు అన్నిటికన్నా గట్టిగా అనిపించేది 2019లో వచ్చిన ఒక అధ్యయనం. బాలి పులేంద్రన్ అనే శాస్త్రవేత్త బృందం ఆరోగ్యంగా ఉన్న యువకులకు ఐదు రోజులపాటు నియోమైసిన్, వాంకోమైసిన్, మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్స్ ఇచ్చి మధ్యలో ఫ్లూ టీకా వేసింది. పేగుల్లోని బ్యాక్టీరియా దాదాపు పదివేల రెట్లు తగ్గిపోయింది. అంతకుముందే ఫ్లూ మీద యాంటీబాడీలు బాగా ఉన్నవారిలో టీకా స్పందన పెద్దగా మారలేదు. యాంటీబాడీలు తక్కువగా ఉన్నవారిలో మాత్రం ఒక ఫ్లూ రకానికి స్పందన తగ్గింది. ఇంకో విషయం, యాంటీబయాటిక్ వాడిన యువకుల రక్తంలో కనిపించిన వాపు గుర్తులు వృద్ధుల్లో కనిపించేవాటిని పోలి ఉన్నాయి. ఆ అధ్యయనంలో ఉన్నది కొద్దిమందే. అయినా మనుషుల మీద నేరుగా చేసిన ప్రయోగం కాబట్టి నేను దానికి విలువ ఇస్తాను.

కోవిడ్ సమయంలో హాంకాంగ్‌లో 100 మంది రోగుల మలం పరీక్షించి 2021లో ఫలితాలు ప్రచురించారు. వాపును తగ్గించే ఫీకాలీబ్యాక్టీరియం, బిఫిడోబ్యాక్టీరియం లాంటివి వాళ్ళలో తక్కువగా ఉన్నాయి, జబ్బు తీవ్రతకూ దీనికీ పొంతన కనిపించింది, కోలుకున్నాక కూడా కొన్నాళ్ళు ఆ లోటు పూడలేదు. దీన్ని చూపించి క్యాప్సూల్స్ అమ్మినవాళ్ళున్నారు. నేనైతే ఇక్కడ ఆగుతాను. బ్యాక్టీరియా తగ్గడం వల్ల జబ్బు ముదిరిందా, జబ్బు ముదరడం వల్ల బ్యాక్టీరియా తగ్గిందా అన్నది ఇలాంటి అధ్యయనం తేల్చదు. జబ్బుపడ్డ మనిషి తిండి తినడు, మందులు మింగుతాడు, మంచం మీదే ఉంటాడు. ఇవన్నీ పేగును మారుస్తాయి.

ఈ ఎదురు దారి నిజంగానే ఉంది. ఫ్లూ వైరస్ పేగుల్లో లేకపోయినా ఎలుకల్లో పేగు దెబ్బతిన్నట్టు 2014లో చైనా శాస్త్రవేత్తలు చూపించారు. ఊపిరితిత్తుల్లో పుట్టిన టి కణాలు పేగులోకి చేరి అక్కడ గొడవ చేస్తాయి. మరో బృందం 2020లో ఇంకో మామూలు కారణం చూపించింది. వైరస్ సోకిన ఎలుకలు మేత మానేస్తాయి, పేగు బ్యాక్టీరియా మారడానికి ఎక్కువ కారణం అదే. మన ఇళ్ళలో జ్వరం రాగానే ‘లంఖణం పరమౌషధం’ అని రోజుల తరబడి పస్తు పెడుతుంటారు. షుగర్ గోలీలు వేసుకునే పెద్దమనిషిని అలా ఉంచితే షుగర్ పడిపోయే ప్రమాదం ఎలాగూ ఉంది, దానికితోడు పేగు కూడా ఖాళీ. ఆకలి లేకపోతే పలచగా జావ, పప్పుకట్టు, పెరుగన్నం కొద్దికొద్దిగా ఇవ్వండి. కోవిడ్ వైరస్ సంగతి వేరు, అది నేరుగా పేగు కణాల్లోకీ దూరగలదు. అందుకే 2020లో హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ వాళ్ళు మురుగునీళ్ళు పరీక్షించి ఊళ్ళో ఎంతమందికి సోకిందో అంచనా వేయగలిగారు.

ఇప్పుడు అజిత్రోమైసిన్. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. జలుబు, ఫ్లూ, కోవిడ్ అన్నీ వైరస్‌లు, అజిత్రో వాటిని ముట్టదు. కోవిడ్‌లో పనికొస్తుందేమోనని బ్రిటన్‌లో ఇళ్ళలో ఉన్న రోగుల మీద, ఆసుపత్రిలో ఉన్న రోగుల మీద విడివిడిగా రెండు పెద్ద ట్రయల్స్ చేశారు. 2021లో ఫలితాలు వచ్చాయి, రెండిట్లోనూ లాభం కనిపించలేదు. అయినా 2020, 2021లో మన జిల్లాల్లో ప్రతి ‘కిట్’లోనూ అజిత్రో ఉండేది. ఆ అలవాటు పోలేదు. నిజానికి కోవిడ్‌కు ముందే మన ప్రైవేటు మార్కెట్‌లో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడయ్యే యాంటీబయాటిక్ గోలీ అజిత్రో 500 అని 2019 లెక్కలు చెప్తున్నాయి. 2023 మార్చిలో హెచ్‌3ఎన్‌2 ఫ్లూ దేశమంతా తిరిగినప్పుడు ఇండియన్ మెడికల్ అసోసియేషనే ఒక ప్రకటన ఇచ్చింది. జ్వరం మూడు రోజుల్లో పోతుంది, దగ్గు మూడు వారాల దాకా ఉండొచ్చు, దీనికి యాంటీబయాటిక్స్ రాయొద్దు అని డాక్టర్లకే చెప్పింది.

మీ బాపుకు ‘ప్రతిసారీ ఆ గోలీతోనే తగ్గుతుంది’ అన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో దీన్నిబట్టి తెలుస్తుంది. జ్వరం మూడో రోజు దానంతట అదే పోతుంది. గోలీల కోర్సూ మూడు నుంచి ఐదు రోజులే. పేరు గోలీకి వస్తుంది. ఆర్‌ఎంపీని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. రాత్రి పదకొండింటికి తలుపు కొడితే లేచి వచ్చేది ఆయనే. గోలీ ఇవ్వకపోతే ‘ఏం డాక్టర్’ అని జనమే వేరేచోటికి పోతారు. అందుకే ఈ మాట మీ ఇంటి వైపు నుంచి మొదలవ్వాలి. ‘ఇది వైరస్ లాగే ఉంది కదా, రెండు రోజులు పారాసిటమాల్‌తో చూద్దామా’ అని మీరే అడగండి. ఆ ఇంజెక్షన్ ఏమిటో కూడా అడగండి. చాలాచోట్ల నొప్పి మందుతోపాటు స్టెరాయిడ్ కూడా వేస్తుంటారు. దాంతో మనిషి వెంటనే లేచి కూర్చుంటాడు, షుగర్ మాత్రం రెండు మూడు రోజులు అదుపు తప్పుతుంది. షుగర్ అదుపు తప్పితే రోగనిరోధక కణాలు సరిగా పనిచేయవు. బ్యాక్టీరియా గురించి మనం మాట్లాడుకుంటున్న దానికన్నా మీ బాపు విషయంలో ఇదే పెద్ద సంగతి కావచ్చు.

అజిత్రో ఒంట్లో చాలాకాలం ఉంటుంది. రక్తంలో సగానికి తగ్గడానికే సుమారు 68 గంటలు. కాబట్టి చివరి గోలీ వేసుకున్నాక కూడా రోజుల తరబడి పేగుల్లో దాని పని సాగుతుంది. పైగా అది పేగు కదలికలను కూడా పెంచుతుంది. మోషన్స్‌కు అదొక కారణం కావచ్చు. ఇంకో అనుమానం షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ గోలీ. అది కూడా మోషన్స్ తెస్తుంది, ముఖ్యంగా మోతాదు పెంచిన కొత్తలో. ఈ మధ్య మోతాదు మార్చారేమో చూడండి. ప్రస్తుతానికి ఓఆర్‌ఎస్ తాగించండి, షుగర్ ఉన్నా తాగొచ్చు. మలంలో నెత్తురు పడినా, జ్వరం తిరిగొచ్చినా, రోజుకు చాలాసార్లు నీళ్ళలా పోతున్నా దవాఖానకు తీసుకెళ్ళండి. యాంటీబయాటిక్ తర్వాత పెరిగే క్లోస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా పెద్దవాళ్ళలో అరుదుగానైనా ప్రమాదం తెస్తుంది.

యాంటీబయాటిక్ తర్వాత బ్యాక్టీరియా తిరిగొస్తాయా అంటే, చాలామటుకు వస్తాయి. 2018లో డెన్మార్క్‌లో 12 మంది ఆరోగ్యవంతులకు నాలుగు రోజులు గట్టి యాంటీబయాటిక్స్ ఇచ్చి ఆరు నెలలు గమనించారు. నెలన్నరలో పేగు దాదాపు మామూలైంది. కానీ ముందు అందరిలోనూ ఉన్న తొమ్మిది జాతులు ఆరు నెలల తర్వాత కూడా కనిపించలేదు. ఒక్క కోర్సుకు భయపడనక్కర్లేదు. ఏడాదికి మూడు నాలుగు కోర్సులు, ఏటేటా, అవసరం లేకుండా, అదీ ఫ్లూ తిరిగే రోజుల్లోనే. అభ్యంతరం అక్కడ. అజిత్రో వేసుకోవడం వల్లే వచ్చే ఫ్లూ ముదురుతుందని మనుషుల్లో ఎవరూ నిరూపించలేదు. లాభం సున్నా అయినప్పుడు చిన్న నష్టం కూడా ఎందుకు భరించాలి అన్నదే నా లెక్క.

యాంటీబయాటిక్ కావలసిన సందర్భాలూ ఉన్నాయి, ఈ జవాబు చదివి వాటిని ఆపొద్దు. ఫ్లూ తర్వాత బ్యాక్టీరియల్ న్యుమోనియా రావచ్చు. జ్వరం తగ్గి రెండు రోజులు బాగుండి మళ్ళీ చలితో వస్తే, ఊపిరి నిమిషానికి 30 దాటితే, ఆక్సిజన్ 94 కన్నా తగ్గితే, ఒకవైపు ఛాతీలో పొడిచినట్టుంటే, మాట తడబడి అయోమయంగా ఉంటే ఆలస్యం చేయకుండా వరంగల్‌లో పెద్ద దవాఖానకు తీసుకురండి. అప్పుడు యాంటీబయాటిక్ ప్రాణం కాపాడుతుంది, పేగు బ్యాక్టీరియా సంగతి తర్వాత. ఫ్లూ అని అనుమానం వస్తే మొదటి 48 గంటల్లో డాక్టర్‌ను కలవండి. షుగర్ ఉన్నవాళ్ళకు ఒసెల్టామివిర్ అనే వైరస్ మందు ఇవ్వాలా అన్నది అప్పుడే నిర్ణయించాలి. ఆలస్యమైన కొద్దీ దాని ఉపయోగం తగ్గుతుంది.

ఇక క్యాప్సూల్స్. డబ్బా మీద ఏముందో చదవండి. మన షాపుల్లో ఎక్కువగా దొరికేవి బాసిల్లస్ క్లాసి, సాకరోమైసిస్ బౌలార్డీ అనే ఈస్ట్, లాక్టోబాసిల్లస్ రకాలు. కొన్ని యాంటీబయాటిక్ గోలీల్లోనే ‘లాక్టిక్ యాసిడ్ బాసిల్లస్’ కలిపి అమ్ముతారు. నిప్పూ నీళ్ళూ ఒకే పొట్లంలో కట్టి అమ్మే ఈ తెలివికి నవ్వొస్తుంది. జలుబు, దగ్గులు రాకుండా ప్రోబయోటిక్స్ (ఈ ‘మంచి బ్యాక్టీరియా’ మందులే) పనిచేస్తాయా అని, వైద్య ఆధారాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ పాత ట్రయల్స్ అన్నీ కలిపి చూసింది, 2022లో కూడా కొత్తగా చూసింది. కొంత మేలు ఉండొచ్చని తేలింది, కానీ ఆధారాల నాణ్యత అంతంతమాత్రం. పైగా ఒక్కో ట్రయల్‌లో ఒక్కో రకం బ్యాక్టీరియా. ఒక రకానికి వచ్చిన ఫలితాన్ని ఇంకో రకానికి అంటగట్టలేం.

మన దేశంలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. ఒడిశా పల్లెల్లో నాలుగున్నర వేలమందికి పైగా నవజాత శిశువులతో చేసిన ట్రయల్ 2017లో వచ్చింది. ఒక ప్రత్యేకమైన లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌ను, దానికి మేతగా ఒక చక్కెర పీచును కలిపి ఏడు రోజులు పట్టారు. సెప్సిస్ (ఒళ్ళంతా పాకే తీవ్రమైన ఇన్ఫెక్షన్), మరణాలు కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయి. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు కూడా తగ్గాయి. గొప్ప ఫలితం. కానీ అది అప్పుడే పుట్టిన పిల్లల్లో, పేగు ఇంకా ఖాళీగా ఉన్నప్పుడు, ఆ ఒక్క రకం బ్యాక్టీరియాతో వచ్చింది. అరవై దాటిన మనిషి పేగులో జాగా ఎప్పుడో నిండిపోయింది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 2018లో దీనికి ఎదురు ఫలితం కూడా చూపించారు. యాంటీబయాటిక్ తర్వాత పదకొండు రకాలు కలిపిన ప్రోబయోటిక్ తీసుకున్నవారిలో సొంత బ్యాక్టీరియా తిరిగి రావడం, ఏమీ తీసుకోనివారికన్నా ఆలస్యమైంది. బయటివి వచ్చి కూర్చుంటే ఇంటివాళ్ళకు చోటు దొరకలేదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. యాంటీబయాటిక్ నిజంగా అవసరమై వేసుకుంటున్నప్పుడు మోషన్స్ తగ్గడానికి కొన్ని రకాల ప్రోబయోటిక్స్ కొన్నాళ్ళు వాడితే తప్పులేదు, అది కూడా డాక్టర్ చెప్తేనే. ఇమ్యూనిటీ పేరుతో నెలల తరబడి మాత్రం వద్దు. క్యాన్సర్ మందులు, అవయవ మార్పిడి మందులు వాడేవాళ్ళైతే డాక్టర్‌ను అడగకుండా అసలే ముట్టకూడదు.

తిండి గురించి. మొక్కల నుంచి వచ్చే తిండి ఎక్కువగా తినే మన జనం పేగుల్లో ప్రివోటెల్లా అనే బ్యాక్టీరియా ఎక్కువగా ఉంటుందని భారత్‌లో చేసిన అధ్యయనాలు చెప్తున్నాయి. గింజలు, పప్పుల పీచు మీద బతికే రకం అది. మన పాత తిండి దానికి సరిగ్గా సరిపోయేది. జొన్న రొట్టె, మక్క గటక, పెసర్లు, ఉలవలు, బొబ్బర్లు, పుంటికూర, తోటకూర, గంగవాయిలి కూర. ఇప్పుడు ఇంటింటా మూడు పూటలా పాలిష్ బియ్యం, మధ్యలో బిస్కెట్లు. పూటకు ఒక పిడికెడు పప్పో గుగ్గిళ్ళో, ఒక ఆకుకూర, రాత్రి జొన్న రొట్టె పెడితే పీచు చాలామటుకు అందుతుంది. రోజుకు 30 గ్రాముల దాకా చేరితే బాగుంటుంది. ఒక్కసారిగా పెంచితే గ్యాస్ పడుతుంది, రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచండి. మోషన్స్ పూర్తిగా ఆగాకే మొదలుపెట్టండి. మక్క గటక మంచిదే అయినా షుగర్ ఉన్నవాళ్ళకు కొలత ఉండాలి, రెండు గిన్నెలు తింటే అన్నంతో సమానమే. రాత్రి అన్నం చల్లారాక అందులో కొంత పిండిపదార్థం అరగని రకంగా మారి పెద్దపేగులో బ్యాక్టీరియాకు మేత అవుతుంది. సల్ల పోసుకున్న సద్దన్నం ఆ లెక్కన మంచిదే, దానికీ అదే కొలత వర్తిస్తుంది.

2021లో స్టాన్‌ఫర్డ్‌లో 36 మందిని రెండు గుంపులు చేసి పది వారాలు చూశారు. పెరుగు లాంటి పులియబెట్టిన తిండి బాగా పెంచినవారిలో పేగు బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, రక్తంలో వాపును తెలిపే 19 ప్రోటీన్లు తగ్గాయి. పీచు పెంచిన గుంపులో అంత తొందరగా రకాలు పెరగలేదు. చిన్న అధ్యయనమే, పైగా వాళ్ళు రోజుకు ఐదారుసార్లు అలాంటివి తిన్నారు. మనకు ఇంట్లో తోడుపెట్టిన పెరుగు, సల్ల ఉన్నాయి కాబట్టి ఖర్చు లేదు. జలుబు చేసిందని పెరుగు బంద్ చేయనక్కర్లేదు, గొంతుకు పడకపోతే మానండి. పచ్చళ్ళు మాత్రం ఈ లెక్కలోకి తేవొద్దు. మీ బాపుకు బీపీ ఉంది, అందులో ఉప్పు ఎక్కువ. ఒక్కమాట, ముక్కు కారడం మొదలయ్యాక మూడు రోజులు ఆకుకూర తింటే ఏమీ కాదు. ఇదంతా నెలల తరబడి తినే తిండి గురించి.

టీకా సంగతి మీరు అడగలేదు, కానీ అదే ముఖ్యం. పేగు బ్యాక్టీరియా మీద వచ్చిన అన్ని ఫలితాలకన్నా ఫ్లూ టీకాకు మనుషుల్లో ఆధారం గట్టిది. మన దగ్గర ఫ్లూ ఏడాదికి రెండుసార్లు పెరుగుతుంది, వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి మధ్య ఇంకోసారి. వానలకు ముందు ఏటా ఒక డోసు వేయించడం మంచిది. న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియాకు వేసే న్యుమోకాకల్ టీకా గురించి కూడా అడగండి. మేడారం జాతర ఉన్న ఏడాదైతే మాఘమాసం రద్దీకి ముందే ఇవి పూర్తయి ఉండాలి, టీకా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది.

చివరగా, ఆ దగ్గు అసలు వైరస్‌దేనా అని నాకు అనుమానం. జనవరి నుంచి మిర్చి కోతలు, కళ్లంలో ఎండబోయడం, తొడిమలు తీయడం, బస్తాలు తొక్కడం, ఏనుమాముల మార్కెట్‌కు తోలడం. ఆ దుమ్ములో వారాల తరబడి ఉంటే ఎవరికైనా పొడి దగ్గు వస్తుంది, ఆస్తమా స్వభావం ఉంటే ఇంకా ఎక్కువ. జ్వరం లేకుండా దగ్గొక్కటే సాగుతుంటే, కళ్లం నుంచి దూరంగా ఉన్న రోజుల్లో తగ్గుతుంటే, ఊదించి చేసే స్పైరోమెట్రీ పరీక్ష చేయించండి. మూతికి మంచి మాస్క్ కట్టమనండి, తువ్వాల సరిపోదు. బీపీకి వాడే గోలీ పేరు చివర ‘ప్రిల్’ అని ఉంటే అది కూడా పొడి దగ్గు తెస్తుంది, డాక్టర్ మార్చగలరు. దగ్గు రెండు వారాలు దాటితే మాత్రం, కారణం ఏదనిపించినా, తెమడ పరీక్ష తప్పనిసరి. షుగర్ ఉన్నవాళ్ళకు టీబీ ప్రమాదం ఎక్కువ. ప్రభుత్వ దవాఖానలో పరీక్ష, మందులు ఉచితం. ఆ పరీక్షకు ముందు దగ్గుకని ఎవరైనా లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే వేసుకోవద్దు. అది టీబీని కొన్నాళ్ళు కప్పిపెట్టి, రోగాన్ని గుర్తించడం ఆలస్యం చేస్తుంది.

మూడు నెలల షుగర్ రిపోర్టు, బీపీ గోలీ పేరు, మెట్‌ఫార్మిన్ మోతాదు రాయండి. దగ్గు, మోషన్స్ గురించి ఇంకొంచెం స్పష్టంగా చెప్పడానికి వీలవుతుంది.